అమాయకురాలైన గృహిణి

“ఫిర్యాదుదారు పెద్దగా చదువుకోని, అమాయకురాలైన గృహిణి. షేర్ల వ్యవహారం ఆమెకు బొత్తిగా తెలియదు. ఫోనులో ఏమడుగుతున్నారో అర్థంకాక అన్నిటికీ సరేనంది...”

లాయరమ్మాయి చదువుకుంటూ పోతోంది. నా పక్క కుర్చీలో మా ఆయన వాక్యానికోసారి తలాడిస్తున్నారు, పాటకచేరీలో ముందు వరస దొరికినవాడిలా.

“ఆగమ్మా,” అన్నాను. “ఎవరావిడ?”

“ఎవరండీ?”

“ఆ గృహిణి.”

ఆ పిల్ల కాగితంలోంచి తలెత్తి నావంక చూసింది. “మీరే మేడమ్.”

ఒళ్లు మండిపోయింది. గృహిణిని కానని కాదు. ఇంట్లో వంటా నేనే, అంట్లూ నేనే. కానీ ఇంటి అద్దె, పిల్ల కాలేజీ ఫీజు, నా బ్యూటీ పార్లర్‌లో పనిచేసేవాళ్ల జీతాలు, అవీ నేనే. ఊళ్లో సగంమంది ఆడవాళ్ల తెల్లవెంట్రుకల రహస్యం నా దగ్గరుంది. ఒక్కరి ముందు నోరు జారలేదు. అలాంటిదాన్ని అర్థంకాక సరేనన్నానట!

“ఇలా రాస్తేనే జాలి పడతారు మేడమ్,” అంది లాయరమ్మాయి. “మీకు అన్నీ తెలుసని రాశామనుకోండి, తెలిసే దిగింది, నష్టమొచ్చాక ఏడుస్తోంది అంటారు.”

“సంతకం పెట్టెయ్,” అన్నారు మా ఆయన. “ఆ నాలుగు ముక్కలకి నీ సొమ్మేం పోయింది?”

“సొమ్మే పోయింది. ఇంకా ఏం పోవాలి?”

పార్లర్ ఉన్న గదిని దాని యజమాని అమ్మేస్తానన్నాడు. బయటివాళ్లకి ఇచ్చేముందు నన్నే అడిగాడు, గడువు కూడా ఇచ్చాడు. ఆ గది కోసం దాచినదంతా, గడువులోగా ఇంకాస్త పెరుగుతుందని షేర్లబ్బాయి చేతిలో పెట్టాను. బ్రోకరు కంపెనీలో ఉద్యోగం అతనికి. వాళ్లావిడ కనుబొమ్మలు దిద్దించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. వెనకే అక్కా అక్కా అంటూ ఇతనూ వచ్చి సోఫాలో చేరేవాడు. మొదటిరోజే చెప్పాను: పెద్ద కంపెనీల్లో పెట్టు, పెట్టాక కదపకు, నన్నడక్కుండా ఒక్కటి అమ్మినా ఊరుకోను అని. “నీ మాట దాటుతానా అక్కా?” అన్నాడు. దాటలేదు, తొక్కుకుంటూ పోయాడు. పొద్దున కొనడం, సాయంత్రం అమ్మడం. కొన్నా కమీషనే, అమ్మినా కమీషనే. నేను చూసుకునేసరికి నా డబ్బు సబ్బు అరిగినట్టు అరిగిపోయి ఉంది. కంపెనీకి వెళ్లి అడిగితే, ప్రతి అమ్మకానికీ ముందు మీకు ఫోన్ చేశాం, మీరు సరేనన్నారు అని ఒకటే పాట.

“నాకెవరూ ఫోన్ చెయ్యలేదు,” అన్నాను మళ్లీ. “చేసుంటే ఆ మాటలు వాళ్ల దగ్గరుంటాయి కదమ్మా? తెప్పించండి.”

“రికార్డింగులు ఉంచి తీరాలి మేడమ్. నేనూ అడుగుదామనే అనుకున్నా.” ఆ పిల్ల మా ఆయన వైపు చూసింది. “సారే వద్దన్నారు.”

“ఎప్పుడు?”

“మొన్న ఫోన్ చేసి. అవన్నీ తెప్పిస్తే ఆలస్యమవుతుంది, ఆవిడకేమీ తెలియదని రాసేస్తే చాలు అన్నారు.”

ఆయన వైపు తిరిగాను. చొక్కా గుండీ సరిచేసుకుంటున్నారు. గుండీ సరిగ్గానే ఉంది.

పార్లర్‌లో కౌంటరు దగ్గర కూర్చునేది ఆయనే. ఉద్యోగం మానేసినప్పట్నుంచీ అదే ఆయన కుర్చీ. నా చేతులు జుట్టు రంగులో ఉన్నంతసేపూ నా ఫోను ఉండేదీ అక్కడే, ఆయన ముందే.

“ఆ ఫోన్లు మీరెత్తారు.”

“అది కాదే...”

“ఎత్తారా లేదా?”

“నీ చేతులు ఖాళీ లేవు కదా అని...”

“అని?”

“వాడన్నాడూ... ‘అక్క ఉత్త భయస్తురాలు బావా, ఆవిడ మాట వింటే డబ్బు పెరగదు, నువ్వు మగాడివి, ఊ అను’ అని. మొదట్లో లాభం వచ్చింది కూడా. గది రిజిస్ట్రేషన్ నాడు ఒక్కసారిగా చూపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామని...”

“ఆశ్చర్యపోయాను లెండి.”

“నీ మంచికే చేశానే.”

“మంచికే అయితే పోయిననాడే ఎందుకు చెప్పలేదు? నేను ఆ కంపెనీ మెట్లు ఎక్కి దిగుతుంటే, వాళ్ల మేనేజరు నా మొహం మీదే నవ్వుతుంటే, ఏ ధ్యాసలోనో నేనే సరేననేశానేమోనని నన్ను నేను తిట్టుకుంటుంటే, అన్నం పళ్లెంలోంచి తలెత్తకుండా ‘పోనీలే, మర్చిపో’ అన్నారు! ఎలా దిగిందండీ ఆ ముద్ద?”

లాయరమ్మాయి నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. నా చెయ్యి చూసి, విసురుతాననుకుందో ఏమో, మళ్లీ తన వైపే లాక్కుంది.

“మేడమ్, ఒక్క మాట. ఖాతా ఎవరి పేరు?”

“నాదే.”

“మీ తరఫున సార్ మాట్లాడొచ్చని ఎక్కడన్నా రాసిచ్చారా?”

“కల్లో కూడా ఇవ్వలేదు.”

ఆ పిల్ల చేతిలో కాగితాన్ని నిలువునా చింపేసింది. “అయితే ఈ గృహిణి మనకక్కర్లేదు. ఖాతా మీది, అడగాల్సింది మిమ్మల్ని. మగ గొంతు వినపడుతున్నా అమ్మేశారంటే తప్పు వాళ్లది. పైగా మీరు వద్దన్న సంగతి అతనికి తెలుసు. మొత్తం వస్తుందని మాటివ్వలేను. కానీ ఇప్పుడు కేసంటూ ఉంది.” కాస్త ఆగింది. “కాకపోతే ఇదంతా సార్ చెప్పాలి. అఫిడవిట్ రాసి సంతకం పెట్టాలి. విచారణలో వాళ్ల ఎదురుగా కూడా చెప్పాలి.”

“నేనా?” ఆయన కుర్చీలోంచి సగం లేచారు. “నలుగురిలో నన్ను వెధవని చేస్తారా? పరువు పోతుంది. పాత కాగితమే బావుంది, అదే పెట్టెయ్యండి.”

“నలుగురిలో నేను తెలివితక్కువదాన్నైతే పరువు నిలబడుతుంది కాబోలు.”

“ఆడదానివి, నిన్నెవరేమనుకుంటారే?”

అంతవరకూ గట్టిగా అరవాలని ఉంది నాకు. ఆ మాటతో అరుపు కూడా దండగనిపించింది. లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాను.

“ఎక్కడికి?”

“పార్లర్‌కి. మీరు కూర్చోండి. మొదట్నుంచీ చెప్పండి. ఒక్క మాట మింగినా సాయంత్రం చదివి పట్టుకుంటాను. చెప్పడం ఇష్టం లేదంటారా, ఈ అమ్మాయి రెండు ఫిర్యాదులు రాస్తుంది. ఒకటి వాడి మీద. రెండోది ఎవరి మీదో మీరే ఊహించుకోండి.”

“మొగుణ్ణి బెదిరిస్తున్నావా?”

“అవును.”

తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను. చెవి పైకే ఉంచి మెట్ల మలుపులో ఆగాను. కింద జిరాక్సు షాపులో మిషను ఒకటే రొద.

“చెప్పండి సార్,” అంది పైన లాయరమ్మాయి.

ఆయన ఏదో గొణిగారు.

“వినపడట్లేదు సార్. కాస్త గట్టిగా.”

“ఫోను నేనే ఎత్తాను!” అన్నారు ఆయన. కిందున్న జిరాక్సు అతను కూడా తలెత్తి చూశాడు.