పేరు తెలియని దుంపకు మజ్జిగపులుసు

మురళి సంచిలోంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టినదాన్ని చూసి ఆడవాళ్లిద్దరూ దగ్గరికి వంగారు. కొబ్బరికాయంత ఉంది. ఒంటినిండా బుడిపెలు, అడుగున చిక్కుపడ్డ వేళ్ల గడ్డం. మణిపాల్ హోటళ్లకు కూరగాయలు వేసే కొట్లో మురళి పనిచేస్తాడు. ఊటీ నుంచి వచ్చిన బుట్టలో ఇదొక్కటీ మిగిలిపోయిందట.

"ఏం దుంపరా ఇది? దిష్టిబొమ్మ తలకాయలా ఉంది," అంది రత్నావతి. ఆవిడ మురళికి మేనత్త. ఆ ఇంట్లో ఆవిడ నోటికి అడ్డు లేదు.

"పేరేదో చెప్పారత్తా. బస్సులో ఎక్కడో మరిచిపోయా."

"దుంపని మరిచిపోకుండా తెచ్చావు, అదే పదివేలు."

మురళి భార్య వారిజ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల ఏ రంగో, ఎలా కొయ్యాలో తెలిస్తే తప్ప ఆమెకు ఆ పూట అన్నం సహించేలా లేదు. అడగడానికి ఇంట్లో ఒక్క మనిషే ఉన్నాడు. ఆయన్ని వంట గురించి అడగాలంటేనే ఈమధ్య అందరికీ భయం.

ఆయన మురళి తండ్రి అనంత ఉపాధ్య, పెళ్లిళ్ల వంటవాడు. ఉడిపి చుట్టుపక్కల ఆయన గరిటె పట్టని పెళ్లి ఉంటే, అది పెళ్లికూతురు తరఫువాళ్లు గొప్పగా చెప్పుకోని పెళ్లి. దేవుడికి నైవేద్యం కాకుండా వంటవాడు రుచి చూడకూడదు. అందుకని ఉప్పు చాలిందో లేదో ఆయన ఆవిరిని బట్టే చెప్పేసేవాడు. వానల మొదట్లో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ వాసన తెలిసే శక్తిని పట్టుకుపోయింది. ఆషాఢంలాంటి ఆటి నెలలో ఎలాగూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి సంగతి ఇల్లు దాటలేదు. ఇప్పుడు ఆటి అయిపోవస్తోంది. పెళ్లివంట ఒప్పుకోమని తాంబూలం ఇవ్వడానికి కటపాడి ఊరివాళ్లు ఈ సాయంత్రమే వస్తున్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించెయ్యమన్నాడాయన. ఇప్పుడు వద్దంటే ఇక గరిటె వదిలినట్టేనని అందరికీ తెలుసు, ఆయనకు మరీ బాగా తెలుసు.

వారిజ వసారాలోకి వెళ్లి దుంపను ఆయన ముందు పెట్టింది.

"మావయ్యా, ఇది కాస్త చూడండి."

ఆయన చూపు వాన మీంచి మళ్లలేదు. "కంద జాతిలా ఉంది. చేతులకి కొబ్బరినూనె రాసుకో. చింతపండు రసంలో ఉడికించు. లేకపోతే గొంతు పట్టుకుంటుంది."

కొత్త దుంప కనబడితే ఆ ఊళ్లో ఎవరైనా చెప్పే మాటే అది. ముందు దురద సంగతి చూడాలి, రుచి సంగతి తరవాత. వారిజ నూనె రాసుకుని చెక్కు తీసింది. లోపల మీగడ రంగు, జిగురు లేదు. సగం కోసి చింతపండు రసంలో వేసింది. పప్పు ఉడికింది, అన్నం వార్చడమూ అయింది. ముక్క మాత్రం గోరు దిగనివ్వడం లేదు.

"ఉడకడం లేదు మావయ్యా."

"ఇంకాసేపు ఉంచు."

ఇంకాసేపయ్యాక మళ్లీ వెళ్లి అదే మాట చెప్పింది.

"ఉడకదేం?" అంటూ ఆయన లేచాడు. జ్వరం తరవాత వంటింటి గడప దాటడం అదే మొదలు. రత్నావతి సైతం పక్కకు జరిగి దారిచ్చింది.

ఆయన ముక్కను గరిటెతో నొక్కి చూశాడు. మిగిలిన పచ్చి సగం మీద బొటనవేలు రుద్దాడు. "దురద పుట్టిందా?"

"లేదు. నూనె అంటని మణికట్టు దగ్గర కూడా లేదు."

"ఓహో! ఇది కంద కాదు. దురదే లేనిదాన్ని పులుపులో పడేయించాను. పులుపు తగిలాక ఏ ముక్క మెత్తబడుతుంది? తప్పు నాదే. ఆ సగం పారబొయ్యి, ఈ సగం ఉత్త నీళ్లలో పెట్టు."

తప్పు ఒప్పుకుంటున్నాడన్న మాటే గానీ మనిషి హుషారుగా ఉన్నాడు. నీళ్లు మరిగాయి. ఆయన గిన్నె మీదికి వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"వాసన ఎలా ఉంది?"

జ్వరం తరవాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రత్నావతే ముందుకొచ్చింది.

"వామాకు నలిపినట్టుంది."

"కాదత్తా, వాన పడ్డ పొలంలా ఉంది," అన్నాడు మురళి.

"ఒక్క గిన్నెకి రెండు వాసనలేంట్రా! వారిజా, నువ్వు చెప్పు," అన్నాడు ఉపాధ్య.

వారిజ కళ్లు మూసుకుంది. "ముందు కొత్తిమీర వేరు మావయ్యా. వెనకాల కొంచెం తీపి. ఆ తీపి మరిగాకే వచ్చింది."

"అయితే ధనియాలు వద్దు, మెంతులు అసలే వద్దు. దాని వాసన దానికుంది. కొబ్బరి, పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర నూరు. ముక్క ఉడికాక మజ్జిగ పోద్దాం. పులుపు ఆఖర్న."

"ఊరూ పేరూ లేనిదానికి మజ్జిగపులుసా? ఇదేమిటని దేవుడే అడుగుతాడు," అంది రత్నావతి.

"అడగనీ అక్కా. దీని ముందు మనమందరం ముక్కు లేనివాళ్లమే. నేనొక్కణ్నే కాదు."

ఇన్నాళ్లూ ఆయన సిగ్గుతో ఇటు రాలేదని వారిజకప్పుడు అర్థమైంది. ఎరిగిన కూరల మధ్య ఏమీ ఎరగనివాడిలా నిలబడటం ఆయన వల్ల కాలేదు.

మజ్జిగ పోశాక ఆయన ఉప్పు చేతిలోకి తీసుకుని కొంచెం వేశాడు. "చూడు."

ఉప్పుకు వాసనేమిటని వారిజ ఎన్నడూ ఆలోచించలేదు. ఆవిరిలోకి ముఖం పెట్టింది. "కొబ్బరి ఒకవైపు, దుంప ఒకవైపు ఉన్నాయి. కలవలేదు."

ఇంకొంచెం పడింది. ఇంకొంచెం. ఉన్నట్టుండి అన్నీ కలిసి ఒకే వాసనై లేచాయి.

"చాలు మావయ్యా!" అని అరిచేసి, తన గొంతుకు తనే సిగ్గుపడింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నైవేద్యం అయ్యాక భోజనాలకు కూర్చున్నారు. రత్నావతి విస్తరి ఖాళీ చేసి, రెండోసారి గరిటె తనే అందుకుంది.

సాయంత్రం కటపాడి నుంచి పెళ్లివాళ్ల తరఫున వాదిరాజ భట్టు తాంబూలం పళ్లెంతో వచ్చాడు. నాన్నకు ఒంట్లో బాగాలేదని చెప్పబోతున్న మురళిని ఉపాధ్య ఆపాడు.

"వస్తానయ్యా. కానీ ఒక సంగతి విని మరీ ఇవ్వు. నాకు వాసన తెలియడం లేదు. పొయ్యి దగ్గర నా పక్కన నా కోడలు ఉంటుంది."

భట్టు పళ్లెం కాస్త వెనక్కి తీసుకున్నాడు. "పెళ్లివంట దగ్గర ఆడవాళ్లా? మా పెద్దవాళ్లు ఏమంటారో..."

"వాళ్లనీ అడుగు. ముందు రెండు ముద్దలు తిను."

భట్టు తిన్నాడు. సగంలో ఆగి, విస్తరి వైపు చూశాడు. "ఇదేమిటి?"

"మాకూ తెలియదు నాయనా," అంది రత్నావతి.

"ఏదైతేనేం, ఉప్పు మాత్రం కుదిరింది. అదే పాత చెయ్యి. వేసింది మీరేగా?"

"వేసింది నేను. ఆపమన్నది వారిజ."

భట్టు చెయ్యి కడుక్కుని వచ్చి పళ్లెం మళ్లీ ఎత్తాడు. "పెద్దవాళ్లతో నేను మాట్లాడతాను. తీసుకోండి."

ఉపాధ్య ఒక చెయ్యే చాపి, వెనక్కి తిరిగాడు. "రా తల్లీ. రెండో చెయ్యి నీది."

వారిజ తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పళ్లెం రెండో అంచు పట్టుకుంది.