మొహం పడని వీడియో

మట్టి టీచరుకి కొత్తగా పెళ్ళయింది. అందుకని ఈమధ్య లోకంలో ప్రతిదీ ఆమెకు ముద్దొస్తోంది. మొగుడి మీసానికి అంటిన కాఫీ నురగ ముద్దొస్తుంది, ఆరేసిన తువ్వాలు మీద పడ్డ ఎండ ముద్దొస్తుంది. ముద్దొచ్చిందల్లా ఫోనులో పట్టేస్తుంది.

మట్టితో గిన్నెలూ కూజాలూ చేయడం నేర్పే ఆమె బడి ఒక దర్జీ కొట్టు పైన, రెండే రెండు గదులు. బడి పేరుతో ఓ పేజీ పెట్టి, వారం వారం అందులో వీడియో వేస్తుంది. కొత్తవాళ్ళు చేరేది అది చూసే. ఆమెకున్నది ఒకటే నియమం: ఎవరి మొహమూ పడకూడదు. తిరిగే కుమ్మరి సారె, దానిమీద మట్టి, చేతులు, అంతే. చేతుల్ని ఎవరు గుర్తుపడతారులే అనుకునేది.

ఆ వారం పడినవి, బడికొచ్చి నేర్చుకునే పళ్ళ డాక్టరుగారి చేతులు.

ఆయన యాభై దాటిన మనిషి, సరదా మనిషి. సారె ముందు కూర్చుని మట్టిముద్ద నడుమ బొటనవేలు దించుతూ, "ఏదీ, నోరు పెద్దగా తెరువు తల్లీ, నొప్పెట్టదు" అనేవాడు. గదంతా పగలబడి నవ్వేది. ఆరోజు మాత్రం నవ్వడం మరిచిపోయి చూసింది టీచరు. ఆయన కుడిచేతి వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. సారె తిరుగుతుంటే ఆ వణుకు తడిమట్టిలోకి దిగి, గిన్నె అంచు దాకా అలలు అలలుగా లేచింది. గాలి తగిలిన నీళ్ళు లేచి నిలబడితే ఎలా ఉంటాయో అలా ఉంది ఆ గిన్నె. తను జన్మంతా సాధన చేసినా అలాంటి గీత ఒక్కటి రాదు. ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది కానీ, ఫోను తీయడం మరవలేదు.

మర్నాడు పొద్దున్నే మొగుడు మంచం మీంచే కేక పెట్టాడు.

"టీచరుగారూ, నీ పంట పండింది! వేలమంది చూశారు. 'ఏ పనిముట్టుతో గీశారండీ ఈ అలలు?' అట. ఇదింకోటి విను. 'ఆ చెయ్యి వణుకుతోందేమిటి? ఆ వేలిమీద మచ్చ అచ్చం మా పళ్ళ డాక్టరుగారి మచ్చలాగే ఉందే!' ఏమైంది, అలా బిగుసుకుపోయావు?"

"వణికే చేతిని నీ నోట్లో పెట్టనిస్తావా?"

మొగుడు తెరిచిన నోరు టక్కున మూసేశాడు.

ఆమె అప్పటికప్పుడు వీడియో తీసేసింది. ఫోనులో చెప్పే మాట కాదిది. మొగుణ్ణి తొందరపెట్టి, అతని స్కూటరు మీద బడికి చేరింది. డాక్టరుగారు అందరికంటే ముందే వచ్చి మట్టి పిసుకుతున్నాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"మిమ్మల్ని అడక్కుండా పెట్టాను. మొహం పడలేదుగా అనుకున్నాను."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"రోగుల గురించి బెంగ లేదమ్మా. వణుకు మొదలైన రోజే పనిముట్లు తమ్ముడికి అప్పగించేశాను, వాడూ పళ్ళ డాక్టరే. మా అమ్మాయికే ఇంకా తెలీదు. దానికి నేనే చెప్పాలి. ధైర్యం చాలక రోజులు నెడుతున్నాను. ఈలోగా ఎవరో ఫోన్ చేసి, మీ నాన్నకేమైందని దాన్ని అడిగితే..."

"తిట్టండి డాక్టరుగారూ."

"తిడతాను, తీరిగ్గా తిడతాను. ముందు నాకు చూపించు."

"తీసేశానండీ."

"పేజీలోంచి తీశావు. నీ ఫోనులో ఉండదూ?"

ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తన చేతిని తెరపక్కన పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"ఇలా వచ్చిందా ఇది! చేసేటప్పుడు నాకు వణుకే కనిపిస్తుందమ్మా. గిన్నె కనిపించదు."

"నాకు గిన్నె ఒక్కటే కనిపించింది," అంది ఆమె. "చెయ్యి ఎవరిదో కనిపించలేదు." ఫోను ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీదండీ. ఏం చేస్తారో మీ ఇష్టం."

ఆయన వీడియోను తన ఫోనులోకి పంపుకున్నాడు. ఆమె ఫోనులోంచి తుడిచేశాడు. "అయింది. తిట్టడం అయింది," అన్నాడు. తర్వాత ఒంటివేలితో, తప్పు అక్షరం పడ్డప్పుడల్లా చెరుపుకుంటూ, ఆ వీడియో కింద కూతురికి రాశాడు: "ఇవి నాన్న చేతులు. చూశాక ఫోన్ చెయ్యి."

పంపేసి, ఉండబట్టలేక సారె ముందు కూర్చున్నాడు. టీచరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. గిన్నెకి తడి గోడ లేచింది, అలలు లేచాయి. ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఇంత అందం ఈ గదిలో ఇప్పుడే పుడుతోంది, చూసేది తనొక్కతే.

ఫోను మోగింది. ఆయన గబగబా చేతులు తుడుచుకున్నాడు. ఆమె బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద మొగుడు. "ఏమన్నాడు? చాలా తిట్టాడా?"

"ష్..."

అతని వెనకే తరగతివాళ్ళు ఎక్కొస్తున్నారు. "ఏంటి టీచరుగారూ, గుమ్మంలో నిలబెట్టేశారు? ఇంకా మొదలవలేదా?"

"లోపల ఒకరు పనిలో ఉన్నారు. కాసేపు ఇక్కడే కూర్చోండి."

అందరూ మెట్ల మీద సర్దుకున్నారు. ఆయన ఆపడం మరిచిన సారె లోపల తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు మీదుగా ఒక్కసారి డాక్టరుగారి నవ్వు వినిపించింది, సగంలో తడిసిపోయిన నవ్వు. టీచరు మొగుడి పక్కన కూర్చుని, చెవులు రెండూ మూసుకుంది.