ఖాళీగా వదిలిన నుదురు

నేను ఒక పరీక్ష అట్టను. చిత్రప్రదర్శన మొదలయ్యే ఉదయం నా క్లిప్పు కింద ఉన్న కాగితం మీద సత్యవేణి చేయాల్సిన పనులు ఇలా రాసి ఉన్నాయి:

చిత్రాల అద్దాలు తుడవాలి.
పేరు చీటీలు అంటించాలి, అక్షరదోషాలు చూసుకోవాలి.
భానోజీ మాస్టారికి పంచదార లేని టీ.
‘నా ప్రేరణలు’ పేజీ జిరాక్సు తీయించాలి.
నాన్నకు ఆటో మాట్లాడాలి. కొత్త చొక్కా వేసుకోమని మళ్ళీ చెప్పాలి.
ఎవరేమన్నా ఏడవకూడదు.

చివరి పని ఒక్కటే ఆమె చేయలేకపోయింది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నేను ఒక చెట్టుకు పుట్టలేదు. ఎన్నో చెట్ల పొట్టును ఉడకబెట్టి, అణిచి, పలకలా కోసి, తల మీద ఇనుప క్లిప్పు బిగిస్తే నేనయ్యాను. విజయనగరంలో ఒక పుస్తకాల కొట్లో వేలాడుతుంటే గౌరునాయుడు వచ్చి నన్ను దించమన్నాడు. జూట్ మిల్లులో పనిచేసే మనిషి. చదువు రాదు. అట్ట మంచిదో కాదో ఎలా చూడాలో తెలియక, కుండ కొనేటప్పుడు కొట్టినట్టు వేలితో నన్ను కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. కొట్టువాడు నవ్వాపుకున్నాడు. నేను ఏం మోగానో తెలియదు గానీ, నాయుడు తృప్తిపడ్డాడు.

కూతురు పదో తరగతి నా మీద రాసింది, ఇంటరు రాసింది, డిగ్రీ రాసింది. ఆ ఇంట్లో డిగ్రీ అన్న మాట గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. మధ్యలో తమ్ముడి చేతిలో కొన్నాళ్ళు క్రికెట్టు వికెట్టునయ్యాను. తల్లి చేతిలో పొయ్యి దగ్గర విసనకర్రనయ్యాను. మనుషులు ఒక వస్తువును ఒక పనికి కొని, ఇంకో పదింటికి వాడుకుని, పాతబడిపోయిందని దాన్నే తిడతారు. తిట్టకుండా నన్ను దాచుకున్నది వేణి ఒక్కతే.

ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరయ్యాక ఆమె నన్ను లోకం చూపించడానికి తీసుకెళ్ళింది. అరకు రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సొరంగం రాగానే అందరూ కేకలు పెడుతుంటే ఆమె మాత్రం చీకట్లోనే పెన్సిలు కదిపేది. వెలుగొచ్చాక ఆ గీతలు చూసి, ఇది కొండ లోపలి భాగం అనేది. వలిసె పూల పసుపు దగ్గర నన్ను మడి గట్టు మీద పెట్టి, రంగు కుదరక, కుదరక, చివరికి ఉత్త నీళ్ళు చల్లి వచ్చేసింది. సంగీత సభల్లో వెనక వరసలో కూర్చుని వయొలిన్ కమాను ఎటు పోతే గీత అటు పోనిచ్చేది. పాట ఏ రాగమో ఆమెకు తెలియదు, కానీ ఎక్కడ వంగుతుందో తెలుసు. విశాఖలో చిత్రప్రదర్శన ఉందంటే సెలవు పెట్టి పోయేది. పెద్దవాళ్ళ బొమ్మల ముందు నన్ను గుండెకు ఆనించుకుని నిలబడేది. ఆ గుండె ఎలా కొట్టుకునేదో నా పొట్టుకంతా తెలుసు. మన బొమ్మల్లో అన్నీ ఉన్నాయి, ప్రాణం లేదు అనుకుంటూ తిరుగు బస్సెక్కేది.

అలా ఒకసారి సముద్రం రంగు కోసం భీమిలి దాటి ఒక జాలరి పల్లెకు పోయింది. ముందురోజు గాలివానకు ఒక పడవ తిరగబడింది. ముగ్గురు వెళ్తే ఇద్దరి శవాలు ఒడ్డుకు వచ్చాయి. మూడో మనిషి రాలేదు. అతని భార్య ఇసుకలో నిలబడి, కొంగు గాలికి వదిలేసి, సముద్రం వైపు చేతులు చాచి, గొంతు సాగదీసి అంటోంది:

“కూడు సల్లారిపోతందిరా... రారా... పులుసు సిక్కబడిపోతందిరా... రారా...”

వేణి అక్కడే కూలబడింది. పెన్సిలు నా మీద ఎప్పుడూ అంత బరువుగా నడవలేదు. ఆమె సంగీత సభల్లో వెతికింది, కొండల్లో వెతికింది, ప్రదర్శనల్లో వెతికింది, అంతా ఆ గొంతులో ఉంది. అది ఏడుపు పాట అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చివరి బస్సు వేళయింది. ఆమె పేరైనా అడగకుండా వచ్చేశాం.

ఇంట్లో రంగులు వేసింది. మనిషిని గీస్తే బొట్టు ఆఖరున పెట్టడం వేణి అలవాటు. అంతా అయ్యాక, చేతులు కడుక్కుని వచ్చి, ఎరుపు ముంచి పెట్టేది. బొట్టు పెడితే మనిషి ఇంట్లోకి వచ్చినట్టుంటుందని వాళ్ళమ్మ అనేది. ఆ బొట్టు ఇంకా పెట్టకముందే భానోజీ మాస్టారు ఆమె ప్రదర్శనకు చిత్రాలు ఎంచడానికి వచ్చారు. ఆయన కాలేజీలో చిత్రకళ చెప్పి రిటైరైన పెద్దమనిషి. వేణిని సొంత కూతురిలా చూస్తారు. ఆ చిత్రం ముందుకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత అన్నారు:

“ఆ ఖాళీ నుదురుందే, అదేనమ్మా చిత్రం. ఇంక కుంచె ముట్టుకోకు.”

“మాస్టారూ, అక్కడ ఇంకా...”

“ముట్టుకోవద్దన్నానా? నేను చెబుతున్నాగా.”

మొదటితరం చదువుకున్న పిల్లకు ఒక జబ్బు ఉంటుంది. తెలిసినవాళ్ళు చెబితే తనకు తెలిసింది మరిచిపోతుంది. వేణి కుంచె కడిగేసింది. చిత్రానికి ‘వైధవ్యం’ అని పేరు పెట్టింది కూడా మాస్టారే. ‘నా ప్రేరణలు’ పేజీ ఆమె నా మీదే పెట్టి రాసింది. ప్రయాణాలు, ప్రకృతి, సంగీతం, ప్రదర్శనలు అని చక్కగా నాలుగు పేరాలు. ఒడ్డున నిలబడ్డ మనిషి ఆ నాలుగింటిలో ఎక్కడా లేదు.

ప్రదర్శన మొదటి రోజు అందరూ ఆ చిత్రం ముందే ఆగారు. హైదరాబాదు ప్రదర్శనకు అది ఎంపికైందని మాస్టారు మైకులో చెప్పారు. గౌరునాయుడు కొత్త చొక్కా గుండీలు సర్దుకుంటూనే ఉన్నాడు. మర్నాడు పేపర్లో ఆ బొమ్మ పడింది, కింద ‘వైధవ్యం’ అన్న పేరుతో సహా.

ఆ మధ్యాహ్నమే ఒక మనిషి వచ్చింది. హాలు బయట చెప్పులు విడిచి, ఇసుక రాలుతున్న కాళ్ళతో నేరుగా ఆ చిత్రం ముందుకు వెళ్ళింది. చేతిలో మడత పెట్టిన పేపరు. నుదుట రూపాయంత బొట్టు.

“ఈ బొమ్మేసింది ఎవులు?”

వేణి లేచింది. చూడగానే ఆమెను గుర్తుపట్టింది. “నేనేనమ్మా.”

“నాను దేముడమ్మని. మైలపల్లి ఎర్రయ్య పెళ్ళాన్ని. నా మొగుడు సచ్చిపోనాడని నీతో ఎవులు సెప్పేరు?”

చిత్రాలు చూస్తున్నవాళ్ళు చుట్టూ చేరారు.

“నాను సదూకోనేదు. మా మరిది సదివినాడు. వదినా, నీకు బొట్టు నేదని పేపర్లో ఏసీసినారు, ఇంక కర్మ సేసీడమే అన్నాడు. ఊరోళ్ళు ఇన్నాళ్ళూ నా నోటికి జడిసి ఊరుకున్నారు. ఇప్పుడు పేపరట్టుకుని తిరగతన్నారు. ఆదివారం నా గాజులు పగలగొడతారట.”

భానోజీ మాస్టారు మధ్యలోకి వచ్చారు. “అమ్మా, ఇది నువ్వు కాదమ్మా. ఇదొక భావం.”

“బావేటి? నాకు బావలు నేరు బాబూ, మొగుడున్నాడు.”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. దేముడమ్మ నవ్వలేదు. వేణి మెల్లగా అడిగింది. “ఆ రోజు మీరు... ఏడుస్తున్నారనుకున్నాను.”

“ఏడుపా? ఆడికి నత్తగుల్లల పులుసొండినాను. పిలిస్తన్నాను. పిలవడానికీ ఏడవడానికీ తేడా తెల్దేటి నీకు? బొట్టెట్టు. నువ్వే తీసీసినావు, నువ్వే ఎట్టు.”

“వేణీ,” అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. “ఎంపిక చేసిన చిత్రం మారిస్తే హైదరాబాదు ఉండదు. తెలుసుగా? ఇన్నేళ్ళ నీ కష్టం.”

వేణి, రెండో రోజూ అదే చొక్కాతో వచ్చిన తండ్రి వైపు చూసింది. నాయుడు చొక్కా గుండీ వదిలేశాడు. “ఆ మడిసి అడిగింది బొట్టే కదేటమ్మా,” అన్నాడు. “ఎట్టీసీ.”

ఆమె ఫ్రేము దింపి, వెనక మేకులు పీకి, చిత్రాన్ని మళ్ళీ నా మీద పెట్టి క్లిప్పు బిగించింది. ఏడుస్తూనే ఎరుపు ముంచింది. బొట్టు ఒక పక్కకు ఒరిగింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

దేముడమ్మ వంగి చూసింది. “వొంకరగుంది,” అంది. కాసేపాగి, “పర్నేదు. ఆడూ వొంకరోడే,” అంది. కొంగుతో చేతులు తుడుచుకుని చాచింది. “ఇది నాకియ్యి. పెద్దలకి సూపించాల.”

మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. గోడ మీద చిత్రం ఉన్నచోట ఉత్త మేకు మిగిలింది.

ఆదివారం వేణి నన్ను సంచిలో పెట్టుకుని ఆ పల్లెకు పోయింది. పడవల నీడలో కులపెద్దలు కూర్చున్నారు. ఒకాయన పేపరు చూపించాడు, దేముడమ్మ చిత్రం చూపించింది. “ముందొచ్చింది పేపరే కదా, అదే నిజం,” అన్నాడు మరిది. వేణి ముందుకు వచ్చింది. బళ్ళో పిల్లల ముందు మాట్లాడినట్టు, తడబడకుండా చెప్పింది: “ముందొచ్చింది నా పొరపాటు. ఈమె పిలుస్తుంటే ఏడుపనుకున్నాను. ఆయన పోయాడని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలియదు. పేపరువాళ్ళకీ తెలియదు. మీకు తెలుసా?”

పేపరు పట్టుకున్నాయన దాన్ని మడిచి పక్కన పెట్టాడు. చివరికి వానలు వెళ్ళేదాకా ఆగుదామన్నారు. ఆ మాట దేముడమ్మకు చాలదు, అయినా ఆ రోజుకు గాజులు చేతికే ఉన్నాయి.

సవరణ వేయమని వేణి పేపరు ఆఫీసు చుట్టూ తిరిగింది. బొట్టు గురించి సవరణా అని వాళ్ళు నవ్వారు. హైదరాబాదు పిలుపు రాలేదు. ఇప్పుడు ఆమె ఎవర్ని గీసినా ముందు పేరడిగి, కాగితం మూల రాసుకున్నాకే పెన్సిలు కదుపుతుంది. చాలామంది పేరు చెప్పి, బొమ్మ వద్దంటారు. ఆమె సరేనని లేచి వచ్చేస్తుంది. ఖాళీ కాగితంతో ఇంటికి చేరిన రోజులు ఎక్కువయ్యాయి. నా క్లిప్పు స్ప్రింగు పోయింది, రబ్బరు బ్యాండు వేసి బీరువా పక్కన నిలబెట్టింది. వానలు వెళ్ళిపోయాయి. ఆ పల్లె నుంచి ఏ కబురూ లేదు. బస్సు శబ్దమైతే వేణి కిటికీ దగ్గరకు పోతుంది.

ఇది చదివే మీరు ఎక్కడెక్కడి వాళ్ళో. ఏ రేవులోనో, ఏ ఆసుపత్రి వరండాలోనో, ఏ పరాయి భాష జైలు గేటు దగ్గరో, కుడిచేతి మీద పెళ్ళాం పేరు పచ్చబొట్టు ఉన్న మనిషి కనబడవచ్చు. పొడిచినవాడు ‘డ’ బదులు ‘ద’ పొడిచాడట, ‘దేముదమ్మ’ అని ఉంటుంది. బతికే ఉన్నాడని నేను చెప్పలేను. పోయాడని మాత్రం మీరెవరూ అనకండి. అతని పేరు మైలపల్లి ఎర్రయ్య. గుర్తుంచుకోండి.