మగ్గాలు పదే ఉండాయి

పెనుకొండలో పాసింజరు ఆగబోతుండగా తిమ్మప్ప పక్క సీటు మీద పరిచిన తువ్వాలు తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. హిందూపురంలో ఎక్కింది మొదలు ఆ తువ్వాలు అశ్విని కోసం చోటు కాస్తోంది. ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగితే "మనిషొస్తాండాది" అని చెప్పి పంపించాడు.

అశ్విని పరుగున వచ్చి కూర్చుంది. ఇస్త్రీ నలగని చుడీదారు, చేతిలో లాప్‌టాప్ సంచి, కళ్ల కింద నలుపు. వాళ్ల నాయన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి మనుషుల్ని చేరవేసే బస్సు నడుపుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే. ధర్మవరం అవతలి యూనివర్సిటీలో, బయోకెమిస్ట్రీ డిపార్టుమెంటులో, రెండేళ్లుగా రీసెర్చి చేస్తోంది. అంతకుముందు ఎమ్మెస్సీ కూడా అక్కడే. అప్పుడు ఆమెకు ఎంజైముల పేపరు చెప్పింది తిమ్మప్పే.

"నిద్ర పోయినట్ల లేదే," అన్నాడు.

"యాడ సార్! కండ్లు మూస్తే సెమినారే. బెంగుళూరు ప్రొఫెసరు ప్రశ్నలేసి చంపుతాడంట."

"చంపేదేముందిలే. మొదలు నుంచీ నాకు చెప్పు. తెలుగులో చెప్పు."

"తెలుగులోనా?"

"నీకు తెలిసిందో లేదో తెలుగులో చెప్తేనే బయట పడేది."

రైలు కదిలింది. కోటకొండ మెల్లగా వెనక్కు జరిగింది. నిలవున్న వేరుశనగ విత్తనం ఎందుకు చేదెక్కుతుందో, గింజలోని ఏ ఎంజైము నూనెను విరగ్గొడుతుందో, తేమ తగిలితే ఆ పని ఎంత జోరందుకుంటుందో, సెమినారు తెర మీద చూపబోయే బొమ్మల వరసలోనే అశ్విని చెబుతూ పోయింది. తిమ్మప్ప కళ్లు మూసుకుని విన్నాడు. సోమందేపల్లి దగ్గరి పల్లెలో, అతని చిన్నతనంలో, మిద్దె మూలన విత్తనం మూటలుండేవి. వాన ఆలస్యమైన ఏడు అవ్వ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకునేది. ఉమ్మేసి, గడప మీద కూర్చుండిపోయేది. ఆ చేదు ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నాళ్లకు ఈ పిల్ల పట్టుకుంది.

"మూడో బొమ్మ కాడ నీ గొంతు సన్నబడతాంది," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఆడ ఆగి రెండు గుక్కలు నీళ్లు తాగు."

తిమ్మప్పకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. కాలరు అరిగితే తిప్పి కుట్టించుకున్న చొక్కా, సుద్దపొడికి పగిలిన వేళ్లు. సోమవారం నాడు హెడ్ దుర్గాప్రసాద్ తన గదిలోకి పిలిచి చెప్పిన మాట అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో జయమ్మకు కూడా. డాక్టరేటు లేనివాళ్లతో పీజీ క్లాసులు చెప్పించకూడదని యూనివర్సిటీ ఉత్తర్వు. అలా ఖాళీ అయిన పేపర్లు రీసెర్చి విద్యార్థులకిచ్చి, వాళ్లకు పాఠం చెప్పే అవకాశం కల్పించాలని అదే కాగితంలో ఉంది. అతనికి శుక్రవారం ఆఖరు. ఇవాళ శుక్రవారం.

పంతొమ్మిదేళ్లుగా అతను గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాడు. ఒకప్పుడు పీహెచ్‌డీకి తనూ చేరాడు. మూడో ఏట గైడు గుండెపోటుతో పోయాడు. ఆ ఏడే నాయనకు పక్షవాతం వచ్చింది. ఇంకో గైడు దొరికేలోపు గడువు దాటిపోయింది. నాయన మాత్రం ఆరేళ్లు మంచంలో ఉన్నాడు. తర్వాత తిమ్మప్ప మళ్లీ చేరదామనుకున్నాడు. ప్రతి జూన్‌లోనూ అనుకునేవాడు. ఈలోగా అతని ముందు కూర్చున్నవాళ్లు హైదరాబాదు మందుల కంపెనీలకూ బెంగుళూరు ల్యాబులకూ వెళ్లిపోయారు. వాళ్ల పెళ్లిపత్రికలు 'తిమ్మప్ప సార్, బయోకెమిస్ట్రీ డిపార్టుమెంటు' అన్న పేరు మీద వస్తాయి. ఇంటి చిరునామా ఎవరూ అడగలేదు.

తొమ్మిదిన్నరకు క్లాసు. ఎప్పటిలాగే చెప్పాడు. గంట కొట్టాక, "మిగిలింది వచ్చే క్లాసులో చూద్దాం" అని నోట వచ్చేసింది. దిద్దుకోబోయి ఊరుకున్నాడు. పిల్లలు పుస్తకాలు మూసి బయటికి నడిచారు.

పదకొండింటికి సెమినారు హాలు నిండింది. ముందు వరుసలో దుర్గాప్రసాద్, బెంగుళూరు నుంచి వచ్చిన ప్రొఫెసరు. తిమ్మప్ప ఆఖరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. అశ్విని ఇంగ్లీషులో బాగానే మొదలుపెట్టింది. మూడో బొమ్మ దగ్గర ఆగి నీళ్లు తాగింది. తిమ్మప్ప తల కిందికి వంచుకుని నవ్వుకున్నాడు.

ఆమె ముగించాక ప్రొఫెసరు కళ్లజోడు సవరించుకున్నాడు. మీ గ్రాఫులో గీత మొదట నిటారుగా లేచింది, తర్వాత పడుకుంది. నూనె ఎంత పెంచినా ఎంజైము వేగం పెరగడం లేదు. ఎందుకు, అని ఇంగ్లీషులో అడిగాడు. చిన్న ప్రశ్న. ఎమ్మెస్సీ మొదటి ఏడు పాఠం. అశ్విని తెర వైపు చూసింది, చేతిలోని కాగితాల వైపు చూసింది. "దిస్ ఈజ్ బేసిక్," అన్నాడు ప్రొఫెసరు. దుర్గాప్రసాద్ కణతలు రుద్దుకున్నాడు. ఆమె కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పడం ఆఖరి వరుసకు కూడా కనబడింది.

తిమ్మప్ప లేచి నిలబడ్డాడు.

"అశ్వినీ, ధర్మవరంలో ఒక షెడ్డులో మగ్గాలు పదే ఉండాయి. పదిమందీ రెప్పేయకుండా నేస్తాండారు. బయట పట్టు బండ్లకొద్దీ దిగింది. చీరలు ఎక్కువొస్తాయా?"

హాలంతా వెనక్కు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అశ్విని మాత్రం అతన్నే చూస్తోంది.

"రావు సార్," అంది. "పట్టు ఎంతున్నా మగ్గాలు ఖాళీ ఉండల్ల కదా."

అని, ప్రొఫెసరు వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో, ఎంజైములతో, అంకెలతో సహా చెప్పింది. ఆ తర్వాత ఆయన ఇంకో నాలుగు ప్రశ్నలడిగాడు. నాలుగింటికీ జవాబులు తడుముకోకుండా వచ్చాయి.

చప్పట్లు ఆగాక దుర్గాప్రసాద్ లేచాడు. వచ్చే సోమవారం నుంచి మొదటి ఏడు ఎంజైముల పేపరు అశ్వినికి అప్పగిస్తున్నామని, రీసెర్చి విద్యార్థికి ఇది మంచి అవకాశమని చెప్పాడు. మళ్లీ చప్పట్లు. తిమ్మప్ప కూడా కొట్టాడు. బయటికి వస్తుంటే దుర్గాప్రసాద్ పక్కకు వచ్చి, "ఇది సెమినారు తిమ్మప్పా, ట్యూషన్ కాదు," అన్నాడు చిన్నగా. ఒక అడుగు వేసి ఆగి, "నా చేతుల్లో ఏం లేదయ్యా," అని కూడా అన్నాడు.

వరండాలో అటెండరు ఎస్తేరమ్మ టీ ఇస్తోంది. తిమ్మప్ప గ్లాసు పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. అశ్విని జనాన్ని తప్పించుకుని వచ్చింది. ముఖంలో సంతోషం లేదు.

"సార్, అది మీ పేపరు."

"డిపార్టుమెంటుది."

"నాకొద్దని చెప్తా సార్. ఇప్పుడే పోయి చెప్తా."

"నువ్వొద్దంటే ఇంకొకరికిస్తారు," అన్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి, టీ ఒక గుక్క తాగి, అబద్ధమాడాడు. "నేనే వదులుకుంటినమ్మా. రైల్లో తిరిగి తిరిగి నడుము పడిపోతాంది. హిందూపురంలోనే ఒక జూనియర్ కాలేజీలో రమ్మంటాండారు. ఇంటి పక్కనే."

"నిజంగానా సార్?"

"నీకేమిటికి అబద్ధం చెప్తా?"

ఆమె నమ్మింది. నమ్మినట్టు ముఖం విప్పారింది. అతనికి ఆమె అంత తొందరగా నమ్మకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"సోమవారం ఏం చెప్పల్ల సార్ మొదట?"

"ఏమీ చెప్పొద్దు. పేర్లడుగు. ఎవురు యాడ నుంచొస్తాండారో అడుగు. రెండో బెంచీలో వైష్ణవి అని చిలమత్తూరు పిల్ల ఉండాది. అన్నీ వస్తాయి, నోరు తెరవదు. బోర్డు కాడికి పిలువు, మాట్లాడమనద్దు. రాస్తాది." ఇంకేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగాడు. "'అర్థమైంది సార్' అని అందరూ ఒకే తూరి అంటే నమ్మొద్దు. మళ్లీ చెప్పు."

అశ్విని అతని కాళ్లకు దండం పెట్టబోయింది. అతను వెనక్కు జరిగాడు, టీ చొక్కా మీద ఒలికింది. ఇద్దరూ నవ్వారు. లోపలినుంచి ఎవరో ఫోటో తీయాలని పిలిస్తే ఆమె వెళ్లిపోయింది.

అతను మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏంటికి ఈ పొద్దులో?" అంది జయమ్మ. "తిన్నావా?"

"తినల్ల. జయా... ఈ పొద్దుతో అయిపాయె ఈడ. ఇంక రావద్దన్నారు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"సోమవారం నుంచీ నువ్వు అన్నం సగంలో లేస్తాండావు," అంది జయమ్మ. "నువ్వే చెప్తావని చూస్తాంటి. సరేలే, రా. ఎండకు నడవద్దు, ఆటో ఎక్కు."

మూడింటి రైలుకు ఇంకా గంట ఉంది. తిమ్మప్ప క్లాసు గదికి వెళ్లాడు. ఎవరూ లేరు. పొద్దున రాసింది అలాగే ఉంది. తుడిచాడు. బోర్డు కింద వేపచెక్క పీట ఉంది, జానెడు ఎత్తు. చేరిన మొదటి ఏడే బోర్డు పైభాగం అందక, హిందూపురంలో చేయించి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజు పిల్లలు నవ్వారు. మరుసటి రోజు నుంచి ఎవరూ నవ్వలేదు.

రెండు చేతులా ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లాడు. ఇంటికి మోసుకెళ్తే దీని మీద నిలబడి ఏ బోర్డు మీద రాయాలో తోచలేదు. తిరిగొచ్చాడు. అశ్విని పొడగరి, ఆమెకు దీంతో పనిలేదు. కాలికి తగలకుండా గోడకు చేర్చి దించాడు. చేతిరుమాలుతో సుద్దపొడి దులిపి, ఫ్యాను ఆపి, తలుపు చేరవేసి వెళ్లిపోయాడు.

గోడ పక్కన పీటకు అంచుల్లోనే కాస్త పచ్చరంగు మిగిలింది. నడుమ రెండు పాదాల మేర రంగంతా పోయి, చెక్క నున్నగా తేలి ఉంది.