ఒకే డోర్ నంబరు

పంజాగుట్టలో జోగారావు గారి దగ్గర జూనియర్ లాయరుగా చేరిన నాలుగో నెలలో సంగీత తన మొదటి నోటీసు రాసింది. మొదటి నోటీసు ముక్కూమొహం తెలియనివాళ్ల మీద రాసే భాగ్యం ఆమెకు దక్కలేదు. రాయించింది కన్నతండ్రి మొగిలయ్య. రాసింది వాళ్ల కింద వాటాలో పదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్న హనుమత్ప్రసాద్ మీద. ఇంటర్ పరీక్షలప్పుడు పొద్దున్నే ఆమెకు వేడి అన్నం పెట్టి పంపిన ఇల్లు అది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో అరవై గజాల ఇల్లు. కింద ప్రసాద్ పొయ్యి, పైన వీళ్ల రెండు గదులు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మొగిలయ్య జీతంలో మిగిల్చి మిగిల్చి కట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన భార్య మంగవ్వ మోకాళ్లు అరిగిపోయాయి. దసరా నుంచి ఆమె రెండుసార్లే కిందికి దిగింది, రెండూ ఆస్పత్రికే. బోరబండలో సత్తెమ్మ అనే ఆవిడ ఇల్లు అమ్మకానికొచ్చింది. మెట్లు లేని ఇల్లు, ముందు కాస్త వాకిలి. ఇది అమ్మి అది కొనాలనుకున్నాడు మొగిలయ్య.

“బయటివాళ్లకెందుకండీ, నేనే తీసుకుంటాను” అన్నాడు ప్రసాద్. ధర ఇరవై రెండు లక్షలు, బయానా మూడు లక్షలు, గడువు ఆరు నెలలు. ఆ ధైర్యంతోనే మొగిలయ్య సత్తెమ్మకు లక్ష బయానా ఇచ్చాడు.

సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం మానేశాయి. జావా నేర్చుకోవడానికొచ్చిన పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయారు. నాలుగు గిన్నెల పప్పు చెల్లే చోట రెండు గిన్నెలు మిగిలిపోసాగాయి. బ్యాంకువాళ్లు ప్రసాద్ లోను కాగితాలు మూడుసార్లు తిప్పి పంపారు. గడువు దాటి రెండు నెలలైంది. ఉగాది దాకా చూస్తానంది సత్తెమ్మ. ఆ తర్వాత లక్షా పోతుంది, మెట్లు లేని ఇల్లూ పోతుంది.

“చూడమ్మా” అన్నారు జోగారావు గారు, “కొనేవాడు మాట తప్పితే అమ్మేవాడికి దారులున్నాయి. డబ్బు కట్టి కొనాల్సిందేనని కోర్టుకెళ్లొచ్చు. ఒప్పందం రద్దు చేసుకుని బయానా ఉంచేసుకోవచ్చు, మీ కాగితంలో ఆ షరతుంది. ఇంకొకరికి అమ్మి, ధర తగ్గిన మేరకు ఇతని దగ్గర రాబట్టుకోవచ్చు. ఏం చెయ్యాలన్నా ముందు నోటీసివ్వాలి. ఇంకో మాట. కింద వాటా ఖాళీ చేయిస్తే మీవాళ్లే దిగి ఉండొచ్చు కదా?”

ఇంటికొచ్చి ఇదంతా తండ్రికి చెప్పింది.

“కోర్టంటే ఎన్నేండ్లు?”

“ఏడెనిమిదేండ్లు పట్టొచ్చు బాపు.”

“అప్పటికి మీ అవ్వకు మోకాళ్లు సుత ఉండయ్.”

“నేనే ఉండ. మోకాళ్ల ముచ్చటెందుకు?” అంది లోపల్నుంచి మంగవ్వ.

కింద వాటా సంగతి చెప్పగానే మొగిలయ్య ముఖం ముడిచాడు. “వాళ్ల పొయ్యి ఆర్పి, ఆడ మనం మంచమేసుకొని పండాల్నా?” చాలాసేపు కాళ్లు నిమురుకుంటూ కూర్చుని చివరికి అన్నాడు. “నోటీసు పంపు బిడ్డా. జర మర్యాదగ రాయి. పేరెనక గారు అని పెట్టు.”

ఆమె అలాగే పెట్టింది. జోగారావు గారు ఆ ‘గారు’ కొట్టేయబోయి, ఆమె ముఖం చూసి వదిలేశారు. పదిహేను రోజుల్లో మిగతా సొమ్ము కట్టకపోతే ఒప్పందం రద్దని రాసిన కాగితం రిజిస్టర్ పోస్టులో వెళ్లిపోయింది.

వారం గడిచింది. కింద నుంచి మాట లేదు. కానీ రోజూ పన్నెండున్నరకు ప్రసాద్ భార్య కుసుమకుమారి పంపే క్యారియర్ మాత్రం పైకొస్తూనే ఉంది. ఒకరోజు దోసకాయ పప్పు, ఒకరోజు ములక్కాడ పులుసు. నోటీసు అందుకున్న మనుషులు ఇంత మామూలుగా ఎలా వండి పంపుతున్నారో సంగీతకు అర్థం కాలేదు.

తొమ్మిదో రోజు నోటీసు ముట్టినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఆఫీసుకొచ్చింది. సంతకం ప్రసాద్‌ది కాదు. ‘మొగిలయ్య’. చివరి వత్తు తోకలా కిందికి సాగింది. ఆ సంతకం నేర్పింది తనే. ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పలక మీద, ఎండాకాలం సెలవులన్నీ కూర్చోబెట్టి దిద్దించింది.

ఎలా జరిగిందో అప్పుడు తట్టింది. అమ్మేవాళ్లదీ కొనేవాళ్లదీ ఒకే డోర్ నంబరు. ఆ ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా పోస్ట్‌మన్ మొగిలయ్యకే ఇస్తాడు, అందరి తరఫునా ఆయనే సంతకం పెడతాడు. అగ్రిమెంటులోని చిరునామా చూసి ఎక్కించేటప్పుడు, ఎమ్మార్వో ఆఫీసు నుంచి కాలేజీ దాకా ఇంటి కాగితాలన్నీ చదివిపెట్టే తనకే ఆ ముక్క గుర్తు రాలేదు.

జోగారావు గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. “ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో తన నోటీసు తనే అందుకున్న క్లయింటును చూళ్లేదమ్మా. ఇప్పుడు మీ నాన్నగారు మీ నాన్నగారికే పదిహేను రోజుల గడువిచ్చారు.”

ఇంటికెళ్లి అడిగితే మొగిలయ్య బియ్యం డబ్బా పక్కనుంచి కవరు తీశాడు, చింపకుండానే ఉంది.

“సంతకం పెట్టేటప్పుడు తెల్వదు బిడ్డా. ప్రసాదుకు ఎవడో నోటీసు పంపిండని పోస్ట్‌మన్ చెప్పిండు, పాపం ఇప్పటికే పరేషాన్ల ఉన్నడు, జరాగి ఇద్దామనుకున్న. పొద్దుమీకి కవరు మీద మీ సారు త్రాసు బొమ్మ జూస్తే సమజైంది, గా ఎవడో నేనేనని.”

“మరి ఇయ్యలేదేంది?”

“మూడుసార్లు కిందికి దిగిన. దిగినప్పుడల్లా ఆమె గిన్నె చేతిల వెడ్తది.”

“పులుసుల బెల్లమేసేటోళ్లకు ఎప్పుడో ఇయ్యాల్సింది నోటీసు” అంది మంగవ్వ, ఆ పులుసే అన్నంలో కలుపుకుంటూ.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి, గిరాకీ తగ్గాక, సంగీత కవరు తీసుకుని కిందికి దిగింది. వెనకే మొగిలయ్య.

“చదవనా అంకుల్?”

“చదువమ్మా” అన్నాడు ప్రసాద్. “నీ చదువుకి మేమూ ఓ ముద్ద పెట్టాం. వినిపించు.”

ఇంగ్లీషులో ఉన్న నోటీసును ఆమె ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. కుసుమకుమారి కొంగుకు చేతులు తుడుచుకుని, తుడిచినవే మళ్లీ తుడిచింది. “గారు అని కూడా రాసింది చూడండి” అంది మెల్లగా.

ప్రసాద్ తల దించుకున్నాడు. “సిగ్గేసి మొహం చాటేశాను బాబాయ్ గారూ. ఆ మూడు లక్షలూ మీరు ఉంచేసుకోండి. రాసుకున్నదే కదా.”

“ఉంచుకుంటే నీ క్యారియర్ల బువ్వ నాకెట్ల దిగుతది?”

“మొత్తం వాపసిస్తే మనకు ఇంకో ఇల్లెట్ల వస్తది బాపు?” అంది సంగీత.

పొయ్యి మీద ఎసరు కుతకుతమంటోంది.

“పక్క సందులో లేడీస్ హాస్టల్ నాగేశ్వరి గారు ఇరవై ఒకటికైతే తీసుకుంటానంటున్నారు” అన్నాడు ప్రసాద్. “నెల నుంచీ అడుగుతున్నారు. నేనే మీకు చెప్పలేదు.”

“ఆవిడ కొంటే మా పొయ్యి తీయించేస్తుందని భయమండీ” అంది కుసుమకుమారి.

సంగీతకు జోగారావు గారు చెప్పిన మూడో దారి గుర్తొచ్చింది. “హాస్టల్ పిల్లలకు తిండి కావాలి కదా ఆంటీ. మూడేళ్ల వరకు మీ షాపు కదిలించొద్దని ఆమెతోటి కాగితం రాయిద్దాం. ధర తగ్గింది లక్ష. ఆ లక్ష మీ బయానాల పట్టుకొని, రెండు లక్షలు వాపసిస్తం. బాపు, నువ్వేమంటవ్?”

“నష్టమెంతో గంతే. రూపాయి ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

నెలల తర్వాత మొదటిసారి ప్రసాద్ తలెత్తి మొగిలయ్య కళ్లలోకి చూశాడు. క్షమించేసి ఉంటే అతను అలా చూడగలిగేవాడు కాదేమో.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఇల్లు నాగేశ్వరి పేర రిజిస్ట్రేషన్ అయింది, సత్తెమ్మ సొమ్మూ ముట్టింది. మంగవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ప్రసాద్ ఒకవైపు, మొగిలయ్య ఒకవైపు పట్టుకుని పద్దెనిమిది మెట్లూ దించారు. “జర బద్రం, పులుసు గిన్నె గాదు” అందామె ప్రతి మెట్టుకూ.

ప్రసాద్‌కు రెండు లక్షలు ముట్టినట్టు రసీదు సంగీతే టైపు చేసింది. ఈసారి ఇద్దరి చిరునామాలూ రెండుసార్లు సరిచూసుకుంది, వేరువేరు డోర్ నంబర్లు.

పోస్ట్‌మన్‌కు మాత్రం అలవాటు పోలేదు. మొగిలయ్య ఉత్తరాలు ఇంకా అమీర్‌పేటకే వస్తున్నాయి. ప్రసాద్ సంతకం పెట్టి తీసుకుని, ఆదివారం ఆదివారం క్యారియర్ పై గిన్నెలో పెట్టి బోరబండకు తెస్తున్నాడు.