పార్సిళ్లు పొదిగిన పెట్ట

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడుమూరు బజారువీధి కాసేపు గమ్మునుంటుంది. మగవాళ్లు అంగళ్లకు పోయుంటారు, అంట్లు తోమడం అయిపోయుంటుంది. నాపబండల మీద తడిగుడ్డ వేసి తుడిచి, రాజ్యలక్ష్మమ్మ అక్కడే నడుం వాల్చేది. ఆమె కోడలు పద్మప్రియ గోడకు ఆనుకుని ఫోను తెరిచేది.

తెరిచిందంటే ఏదో ఒకటి తెప్పించాల్సిందే. చీర, చెప్పులు, పింగాణీ పళ్లేలు, దువ్వెనలు దాచుకునే డబ్బా. నొక్కినప్పటి నుంచి పార్సిలు వాకిట్లోకి వచ్చేదాకా ఒళ్లంతా పండగగా ఉండేది. కత్తెర పెట్టి కోయగానే ఆ పండగ ఎటో పోయేది. అందుకే ఈమధ్య కోయడం కూడా మానేసి, వచ్చింది వచ్చినట్టు మంచం కిందికి తోసేస్తోంది.

"మన అంగట్లో కన్నా ఈ మంచం కిందే సరుకెక్కువుండాది," అని మొగుడు శివప్రసాద్ నవ్వేవాడు. రానురాను నవ్వడం మానేశాడు. చేతికి దుడ్లివ్వడమూ మానేశాడు. అప్పుడామె, పెండ్లికి ముందు కర్నూలులో కుట్టుపని చేసి కొనుక్కున్న తన మిషనును ఎవరికీ చెప్పకుండా ఆటో తోలే ఉరుకుందు అనే అతనికి బేరం పెట్టింది. నెల పోయినాక వచ్చి పట్టుకుపోతానన్నాడతను. మిషను పోతే తనదంటూ ఆ ఇంట్లో ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. తెలిసీ ఆగలేకపోయింది.

ఆ వారంలోనే పక్కింటి గుల్షన్ బీ నల్లపెట్ట పొదుగుకొచ్చింది. తన గంప వదిలేసి, గోడ దూకి వచ్చి, పద్మప్రియ మంచం కింద పార్సిళ్ల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది.

"ఏం గుల్షనూ, కోమట్లింట్లో కోడేంది? దేవుని గూడు ఈడనే ఉండాది," అని రాజ్యలక్ష్మమ్మ ఎగిరింది.

"పొదిగేదాన్ని లేపగూడదక్కా. మూడు వారాలు ఓర్చుకో," అంది గుల్షన్ బీ గడప అవతల నిలబడి.

ఆ పెట్ట సంగతి వీధికంతా తెలిసిందే. పోయినేడు అదే వీధిలోని విశ్వాసమ్మ గొడుగు మీద కూర్చుని, ఆమె మిరపమడికి సరిపడా వాన పొదిగింది. కాబట్టి అది పార్సిళ్లు పొదగడం ఎవరికీ వింత కాలేదు, రాజ్యలక్ష్మమ్మ దిగులంతా రెట్టల గురించే.

"పార్సిళ్ల మీద కూర్చుంటే ఏమొస్తాదక్కా?" అని గుల్షన్ బీని అడిగింది పద్మప్రియ.

"నువ్వేం కోరి తెప్పించినావో అదొస్తాది."

"చీరలే గదా కోరింది."

"చీర కోరింటే కట్టుకునుందువు గదమ్మా."

మరుసటిరోజు ఫోను చేయి జారి మంచం కిందికి పోయింది. పెట్ట దాన్ని కూడా ముక్కుతో లాక్కుని కడుపు కింద పెట్టుకుంది. చేయి పెడితే పొడిచింది. పద్మప్రియ వేళ్లు ఊరుకోలేకపోయాయి. ఇల్లంతా తిరిగింది, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. చివరికి గుల్షన్ బీ పంచలో కూర్చుని చింతపండులో గింజలు కొట్టి తీయసాగింది. ఆ కొనాలనే ఉబలాటం పాలపొంగులా పైకి వచ్చేది. ఏమీ చేయకుండా పక్కనే ఉండి చూస్తే, పాలపొంగులాగే దిగేది కూడా. ఈ సంగతి ఆమెకు అంతవరకూ తెలీదు. దిగేదాకా ఎప్పుడూ ఆగింది కాదు మరి.

మూడు వారాలకు పెట్ట లేచింది. గుల్షన్ బీ ఒక్కో పార్సిలు చెవి దగ్గర పెట్టుకుని, గుడ్డును చూసినట్టు ఊపి చూసింది.

"ఇది మురిగింది. ఇదీ మురిగిందే. వీటిల్లో నువ్వేమీ కోరలేదు, ఊరికే నొక్కినావు."

మురిగినవన్నీ శివప్రసాద్ అమ్మడానికి అంగడికి మోసుకుపోయాడు. ఫోను ఉత్తదే, ఊపినా ఏ చప్పుడూ రాలేదు. మిగిలిన మూడు మాత్రం లోపల్నుంచి కదిలాయి. చీర పార్సిలు చీల్చుకుని నాగశ్రీ నవ్వు బయటికొచ్చింది. కర్నూలు కుట్టు అంగట్లో పక్క మిషను పిల్ల ఆమె. చెప్పుల దాంట్లోంచి ఎదురు మిషను రుఖియా నవ్వు వచ్చింది. పళ్లేల దాంట్లోంచి వచ్చిన మూడోది ఎవరిదో పద్మప్రియకు చప్పున తట్టలేదు. కాసేపు విన్నాక, అది తనదేనని గుర్తుపట్టింది.

మూడు నవ్వులూ కీచుకీచుమంటూ పెట్ట వెనకాల ఇల్లంతా తిరిగి, కుట్టుమిషను కిందికి చేరి ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి.

ఆ సాయంత్రమే ఉరుకుందు ఆటో వాకిట్లో ఆగింది.

"ఏమప్పా, ఇట్లొచ్చినావు?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"మిషనుకు పెద్దమ్మా. కోడలు అమ్ముతానన్యాది."

పద్మప్రియ తల వంచుకుంది. అత్త ఆమెను ఒకసారి, మిషను కిందికి ఒకసారి చూసింది. తర్వాత ఉరుకుందు వైపు తిరిగింది.

"దాని కింద పిల్లలుండాయి గదప్పా. ఎట్ల కదిలిస్తావు?"

ఉరుకుందు వంగి చెవి పెట్టి విన్నాడు. "అవును, మూడుండాయి. కదిలించగూడదు." లేచి పద్మప్రియను చూశాడు. "పెద్దయినాక రానామ్మా?"

"వద్దులే అన్నా," అంది పద్మప్రియ. అతని చొక్కా చూసి, "నీ చొక్కా చంకలో పిగిలిండాది. విప్పియ్యి, కుట్టి ఇస్తా," అంది.

ఉరుకుందు బనీనుతో గడప మీద కూర్చున్నాడు. రాజ్యలక్ష్మమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. పద్మప్రియ మిషను మీది దుమ్ము కొంగుతో తుడిచి, సూదిలో దారం ఎక్కించి, కాలు పెడలు మీద పెట్టింది.

"పైలంగా తొక్కు," అంది అత్త. "కింద పిల్లలుండాయి."