ఎండాకాలపు చలిదడి

మోక్రా బాల్కాలో మొట్టమొదట ఇల్లు కట్టినవాడెవడో గాని వాడికి బుర్ర లేకపోతే పోయె, అరికాళ్ళైనా ఉండాల్సింది. మోక్రా బాల్కా, అంటే తడి పల్లం, అని పేరు పెట్టి మరీ ఆ పల్లంలోనే కాపురం పెట్టాడు. వాడి వెనక ఊరంతా వచ్చి చేరింది. అక్కడ నేలలో ఎప్పుడూ చెమ్మే. పచ్చి ఇటుకల గోడలు కింది నుంచి నీళ్ళు పీల్చుకుంటూ ఉంటాయి, చలికాలం వస్తే పై నుంచి మంచు కొరుకుతూ ఉంటుంది.

అందుకని బంగాళాదుంపలు తవ్వడం అయిపోగానే ప్రతి ఇంటివాళ్ళూ చలిదడి కట్టుకుంటారు. గోడకి మూరెడు దూరంలో గుంజలు పాతి, అడ్డంగా తడిక అల్లి, ఆ సందులో మొక్కజొన్న చొప్ప, ఎండుటాకులు, గడ్డి కిటికీ అంచు దాకా కూరతారు. ఈస్టరు వచ్చేలోగా దాన్ని పీకేసి గోడకి ఎండ తగలనివ్వాలి. లేకపోతే గడ్డి కుళ్ళి ఆ కుళ్ళు గోడకెక్కుతుంది. ఈ సంగతి ఆ ఊళ్ళో మేకలకి కూడా తెలుసు. ఈస్టరు దాటినా దడి నిలబడి ఉందంటే ఆ ఇంటి మగవాడు మంచాన పడ్డాడనైనా అనుకోవాలి, పరమ బద్ధకస్తుడనైనా అనుకోవాలి.

ఆ ఏడు తిమీష్ కందిబా ఇంటి దడి అలాగే నిలబడి ఉంది. తిమీష్ మంచాన పడలేదు. నిక్షేపంలా ఉన్నాడు, పూటకి రెండు గిన్నెల బోర్ష్ సూపు తాగుతున్నాడు.

ఆ మాటకొస్తే ఇల్లు కూడా తిమీష్‌ది కాదు. అతని భార్య ఉస్తీనా తండ్రి తన చేతులతో మట్టి తొక్కి, ఇటుకలు కోసి కట్టిన ఇల్లు అది. తిమీష్ ఇల్లరికం వచ్చాడు. మామగారు పోయి ఎన్నేళ్ళయినా, తిమీష్ తల సగం నెరిసినా, ఊళ్ళో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు. ‘ఉస్తీనా మొగుడు’ అంటారు. పాల లెక్క దగ్గరా అంతే, పెళ్ళి విందులోనూ అంతే. పైకి నవ్వేవాడు గాని, ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది పాపం.

దడి తీయకపోవడానికి కారణం ఉంది. కిందటి శరత్కాలంలో సమష్టి వ్యవసాయ క్షేత్రంవాళ్ళు కొత్త ఆవుల కొట్టం మొదలుపెట్టారు. నేల చెమ్మ గోడకెక్కకుండా పునాది మీద పరచడానికి పట్నం నుంచి తారు చుట్టలు వచ్చాయి. మందపాటి అట్టకి తారు పూసి చుట్టిన చుట్టలు. వాటిని ఆరుబయట కుప్ప పోసి, కాపలాకి ఒక ముసలాణ్ణి పెట్టారు. ఆ ముసలాడికి చెవులు వినపడవు, మధ్యాహ్నం అయితే కళ్ళూ తెరుచుకోవు. తిమీష్ పశువుల దాణా బండిలో అడుగున పెట్టి మూడు చుట్టలు ఇంటికి చేరేశాడు.

దురాశతో చేసిన పని కాదది. ఉస్తీనాకి మోకాలి నొప్పి. ఆమె మంచం ఉత్తరపు గోడ పక్కన ఉంటుంది, ఆ గోడ ఎప్పుడూ చెమర్చే ఉంటుంది. గోడ అడుగున కొంచెం కొంచెంగా తవ్వి, తారు అట్ట దూర్చి, మళ్ళీ ఇటుక పేర్చుకుంటూ పోతే చెమ్మ పైకెక్కదని తిమీష్ ఆలోచన. మంచి ఆలోచనే. ఈలోగా మంచు పడింది, నేల బిగుసుకుపోయింది. వసంతంలో చూసుకుందాంలే అని చుట్టలు మూడింటినీ చలిదడిలో, గడ్డి మధ్య నిలబెట్టేశాడు.

చలికాలం నడుమ సమావేశం పెట్టారు. క్షేత్రం అధ్యక్షుడు సావా లుకీచ్ బల్ల గుద్ది చెప్పాడు. వచ్చిన చుట్టలు నలభై, మిగిలినవి సున్నా, దొంగ దొరికిన రోజున నేరుగా పోలీసులకి అప్పగిస్తానన్నాడు. తిమీష్ ముచ్చెమటలతో ఇంటికొచ్చాడు. తాను తెచ్చినవి మూడే, పట్టుబడితే నలభైయీ తన నెత్తినే రుద్దుతారు. అతని ఆలోచన అక్కడికొచ్చి ఆగిపోయింది, అక్కణ్ణుంచి ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. కొట్టం మాత్రం తారు అట్ట లేకుండానే లేచింది. ఆవులు చెమ్మలో నిలబడి నెమరు వేసుకుంటున్నాయి.

ఈస్టరు మర్నాడు పక్కింటి ప్రోకిప్ వచ్చాడు. తిమీష్ కూతురి జ్ఞానస్నానంలో ధర్మతండ్రిగా నిలబడింది అతనే, అందుచేత ఇద్దరూ ఒకరినొకరు ‘కూమా’ అనుకుంటారు.

“ఏం కూమా, జూన్‌లో మంచు పడుతుందని ఎవరైనా చెప్పారా?” అన్నాడు దడిని చూస్తూ.

తిమీష్ నాలుక మీదికి ఏదో ఒకటి రావాలి కదా, వచ్చింది. “చలిని ఆపేది వేడిని మాత్రం ఆపదా? ఎండాకాలం మా ఇల్లు ఎంత చల్లగా ఉంటుందో చూద్దువుగాని.”

ప్రోకిప్ పగలబడి నవ్వుతాడనుకున్నాడు. ప్రోకిప్ నవ్వలేదు. దడి వంక చూశాడు, గడ్డం గోక్కున్నాడు, “నువ్వన్నదాంట్లో విషయం ఉంది కూమా” అని తొందర తొందరగా ఇంటికి పోయాడు. అతని దడీ ఇంకా నిలబడే ఉంది, ఆ రోజు పీకుదామని తెచ్చిపెట్టుకున్న గొడ్డలి మళ్ళీ పాకలోకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా వీధి ఆ చివరి వాళ్ళు కూడా దడులు తీయడం మానేశారు. అడిగితే తిమీష్ చెప్పిందే చెప్పారు, కొందరు ఇంకా బాగా చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక తిమీష్ మాట ఒక్కరూ విన్నది లేదు. ఇప్పుడు ఊరు ఊరంతా వింటోంది. మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత అలవాటు పడ్డాడు, చివరికి ఆ మాట తనకి అక్కరకొచ్చిన అబద్ధమన్న సంగతే మరిచిపోయాడు. నడకలో తేడా వచ్చింది. దారిలో ఆగి, చెయ్యెత్తి, గోడల గురించి ఉపన్యాసాలిచ్చేవాడు.

కబురు అధ్యక్షుడికి చేరింది. సావా లుకీచ్ స్వయంగా వచ్చాడు. పెద్దమనిషి దడిని ముట్టుకోలేదు, లోపలికి తొంగి చూడలేదు, పది అడుగుల దూరంలో నిలబడి దగ్గి, ఇది ప్రజల చొరవ అని తేల్చేశాడు. అధ్యక్షుడి ఇంటి చుట్టూ కూడా దడి దర్జాగా నిలబడే ఉందని అప్పుడు తిమీష్‌కి తెలిసింది. అంతటివాడే ఒప్పుకున్నాడని పొంగిపోయాడు. క్లబ్బులో అతని చేత ప్రసంగం చేయించారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి, విని, ‘మోక్రా బాల్కా పద్ధతి’ అని రాసుకుపోయాడు. శరత్కాలంలో బృందాన్ని తీసుకొస్తాననీ, మొట్టమొదటి దడి పక్కన కామ్రేడ్ కందిబా ఫోటో తీయిస్తాననీ మాటిచ్చాడు. కామ్రేడ్ కందిబా! ఆ రాత్రి తిమీష్‌కి నిద్ర పట్టలేదు.

ఉస్తీనాకీ పట్టలేదు, గోడ తడికి. ఎండాకాలం నడిమికల్లా చెమ్మ దుప్పటి దాకా పాకింది. సున్నం పొరలు పొరలుగా ఊడి పడుతోంది. ఒకనాడు పొద్దున్న దిండు పక్కన గోడలోంచి పుట్టగొడుగు మొలిచింది. ఆమె దాన్ని కోసి, కడిగి, మాట్లాడకుండా మొగుడి పళ్ళెంలో రొట్టె పక్కన పెట్టింది. తర్వాత పార పుచ్చుకుని కుంటుకుంటూ దడి వైపు బయల్దేరింది.

తిమీష్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. వేరే దారి లేక ఉన్నదంతా చెప్పేశాడు. తారు చుట్టలు, బండి, మోకాలు, భయం, అన్నీ.

ఉస్తీనా పార నేలకి ఆనించి అంతా విన్నది. “నా మోకాలి కోసం దొంగతనం చేశావు. ఆ దొంగసొమ్ము దాచడానికి నా గోడే నానబెట్టావు. మా నాన్న బతికుంటే నిన్ను చూసి ఏడ్చేవాడో నవ్వేవాడో తెలీదు” అంది. తర్వాత అడిగింది. “మొత్తం ఎన్ని పోయాయన్నాడు అధ్యక్షుడు?”

“నలభై.”

“నువ్వు తెచ్చినవి మూడు. మిగిలినవి ఏమయ్యాయయ్యా?”

ఉస్తీనా పారతో వీధి వైపు చూపించింది. ప్రోకిప్ ఇంటి దడి, ఆ పక్కింటి దడి, దాని పక్కది, చర్చి మలుపులో అధ్యక్షుడి దడి. నిండు వేసవిలో, నెత్తి మాడే ఎండలో, గడ్డి కప్పుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి అన్నీ.

తిమీష్ ఒక్కొక్క దడినీ చూశాడు. అతనికి భయం తీరి ఉండాల్సింది, ఇక పట్టించేవాడెవడూ లేడు కదా. తీరలేదు సరికదా, ఏడుపొచ్చింది. “కాదే. వాళ్ళు నా మాట విని ఉంచుకున్నారు” అన్నాడు.

“నీ మాట మన మేక కూడా వినదు. ఇవాళే పీకెయ్. ఎవడూ నోరెత్తడు.”

పీకెయ్యొచ్చు. ఒక్క పూట పని. గోడకి ఇంకా ఎండ మిగిలే ఉంది, చుట్టలు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. కాని దడి పీకేస్తే పద్ధతి లేదు, పద్ధతి లేకపోతే ఫోటో లేదు, మర్నాటి నుంచి మళ్ళీ ఉస్తీనా మొగుడే. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఆగమని బతిమాలాడు. ఈ ఒక్కసారి ఒక పేరు మిగలనివ్వమన్నాడు, చిన్నపిల్లాడిలా ఆమె కొంగు పట్టుకున్నాడు.

ఉస్తీనా అతని మొహంలోకి చూసింది. “గోడ మా నాన్నది. పేరు నీది. ఏది ముందు పడుతుందో చూద్దాం” అని పార గోడకి చేరేసి లోపలికి వెళ్ళిపోయింది.

శరత్కాలం వచ్చింది, దానితోపాటు వానలు. మూడు వారాలు తెరిపి లేదు. బృందం వచ్చిన రోజు మాత్రం ఎండ కాసింది. జిల్లా అధికారి, కెమెరా ఆయన, కొత్త టోపీతో సావా లుకీచ్. వెనక ఊరంతా వచ్చింది, ఎవరి గుబులు వారు మోసుకుంటూ. ఉస్తీనా రాలేదు. మోకాలు వాచి లోపల మంచం మీదే ఉంది. తిమీష్ పెళ్ళినాటి చొక్కా తొడుక్కుని దడి పక్కన నిలబడ్డాడు. గాలి గురించి, వేడి గురించి, గోడ ఊపిరి గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, ఉన్నమాట చెప్పుకోవాలి. కెమెరా ఆయన సిద్ధమా అనగానే, మంచి గుర్రాన్ని తట్టినట్టు దడిని అరచేత్తో ఒక్కటి తట్టాడు.

గుంజలు అడుగున ఎప్పుడో కుళ్ళిపోయాయి. దడి ముందుకి వాలింది. దాన్ని ఆనుకుని ఇన్నాళ్ళూ నిలబడ్డ గోడ కూడా, ఇక చాలన్నట్టు, కింద నుంచి బురదై జారి బయటికి కూలబడింది. పెద్ద చప్పుడేం కాలేదు. గడ్డిలోంచి మూడు తారు చుట్టలు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి విచ్చుకుంటూ వచ్చి జిల్లా అధికారి బూట్ల దగ్గర ఆగింది. గోడ ఉండాల్సిన చోట ఉస్తీనా కనిపించింది, మంచం మీద కూర్చుని, గడ్డం దాకా బొంత కప్పుకుని.

“ఇదేమిటి?” అన్నాడు అధికారి బూటుతో చుట్టని కదిపి.

సావా లుకీచ్‌ని ఊరికే అధ్యక్షుణ్ణి చేశారా? “లోపలి పొర, కామ్రేడ్. పద్ధతిలో అసలు కిటుకు అదే” అన్నాడు.

“ఓహో. ప్రతి ఇంటికీ ఉందా ఇది?”

సావా లుకీచ్ జనం వంక చూశాడు. జనం తమ చెప్పులు చూసుకున్నారు. ప్రోకిప్ ఆకాశం చూశాడు. అప్పుడు మంచం మీంచి ఉస్తీనా, వీధిలోవాళ్ళందరికీ వినపడేలా నెమ్మదిగా చెప్పింది.

“ఉంది బాబూ. అధ్యక్షుడుగారి ఇంటితో సహా ఊళ్ళో అందరికీ ఉంది. ఒక్క ఆవుల కొట్టానికే లేదు.”

అధికారి ఆమెకి కృతజ్ఞతలు చెప్పి అది కూడా రాసుకున్నాడు. కొట్టాన్ని ఎందుకు వదిలేశారని అడిగాడు. సావా లుకీచ్ మొహం బీట్‌రూట్ రంగుకి తిరిగింది, వచ్చే ఏడాది ప్రణాళికలో ఉందన్నాడు. గోడ కూలడం చిన్న లోపమనీ సవరించుకోవచ్చనీ అందరూ ఒప్పుకుని, భోజనం చల్లారిపోతోందని అధ్యక్షుడి ఇంటికి నడిచారు. కెమెరా ఆయన సామాను సర్దుకున్నాడు. ఫోటో తీయలేదు.

తిమీష్ చొక్కా నిండా గడ్డితో అక్కడే నిలబడిపోయాడు.

“చలేస్తోంది” అంది ఉస్తీనా. “ఆ మూడూ లోపలికి తీసుకురా. తలుపు దాకా వెళ్ళక్కర్లేదులే, ఇటే వచ్చెయ్.”

ఇటుకలు కోసే కాలం దాటిపోయింది. ఆ సాయంత్రం తిమీష్ కర్రలు పాతి, తారు అట్టలు వాటికి మేకులతో కొట్టి, వెనక ఎండుగడ్డి కూరి గోడలా నిలబెట్టాడు. నల్లగా, వీధిలో ప్రతివాడికీ కనపడేలా నిలబడింది. వచ్చేపోయేవాళ్ళు దాన్ని ‘ఉస్తీనా మొగుడి గోడ’ అన్నారు. తారు మంచి సరుకే, చలికాలమంతా ఒక్క చుక్క చెమ్మ లోపలికి రానివ్వలేదు. చలిని మాత్రం ఆపలేదు. ఉస్తీనా మంచం పొయ్యి పక్కకి జరుపుకుంది. గోడ పక్కన తిమీష్ పడుకున్నాడు.